బోరుబండి కాడ ఇంటర్వ్యూ

నెల రోజులుగా నా షాపుకి ఎవరొచ్చినా జిరాక్సు సంగతి తర్వాత, ముందు ఒకటే మాట. "ఏమక్కా, మీ నాయనా, ఆ లండన్ ఆయప్పా మల్లా మాట్లాడుకున్న్యారా?" నేను వినపడనట్టు "ఎన్ని కాపీలు?" అంటా. ఇంకేం చేసేది! ఏ పెద్ద పేపరోళ్లకీ దొరకని ఇంటర్వ్యూ నాకు దొరికింది. దొరికినదాన్ని నేనేం చేసుకున్నానో చెప్తా. టీ తాగుతా వినండి.

నన్ను తెలియనివాళ్లకి ముందు రెండు ముక్కలు. పామిడిలో నాది జిరాక్స్, డీటీపీ షాపు. పాస్‌బుక్కులు, ఆధార్ కార్డులు, పెళ్లిపత్రికలు, ఇదే పని. కానీ మూడు నెలలకొకసారి అదే మిషన్లో ఇంకొకటి కూడా అచ్చవుతుంది. ఒక పాత ఇంగ్లండు రాక్ బ్యాండు మీద అభిమానుల పత్రిక! బ్యాండు పేరు మాత్రం చెప్పను. చెప్తే మీలో సగం మంది "వాళ్లకంటే ఫలానావాళ్లే మేలు" అని మొదలుపెడతారు, ఆ గొడవలో నా కథ కొట్టుకుపోతుంది. గుంతకల్లు రైల్వేలో పనిచేసిన మా చిన్నమామ దగ్గర క్యాసెట్లు విని చెడిపోయినదాన్ని నేను. ఎడిటర్ నేనే, ప్రూఫులు దిద్దేదీ నేనే, స్టాంపులంటించేదీ నేనే. సబ్ ఎడిటర్ మస్తాన్. వాడికి పక్కనే మోటార్లు రివైండింగ్ చేసే షాపుంది. పాఠకులంటారా, బళ్లారి నుంచి బెంగళూరు దాకా అక్కడొకరు ఇక్కడొకరు. గుమ్మఘట్టలో ఒక టీచరు ఉన్నాడు, ప్రతి సంచికకీ తిడతా ఉత్తరం రాస్తాడు. చందా మాత్రం అందరికంటే ముందు కడతాడు.

ఆ బ్యాండులో నలుగురు. ఇద్దరు పోయినారు. ఒకాయన ఎవరితోనూ మాట్లాడడు. మిగిలింది బేస్ గిటార్ వాయించిన పెద్దాయన. ప్రతి సంచికా అచ్చయిన రోజు ఇంటర్వ్యూ ఇమ్మని ఆయన ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టేదాన్ని, మొక్కుబడి తీర్చుకున్నట్టు. జవాబు ఎప్పుడైనా వస్తే కదా! అట్లాంటిది మొన్న వేసవిలో వచ్చేసింది. బుధవారం, మన టైము మధ్యాహ్నం మూడున్నర, వీడియో కాల్లో ఇరవై నిమిషాలు. నేను పెట్టిన కేకకి, ఆధార్ జిరాక్సుకొచ్చిన ముసలాయన "ఏమ్మా, గవర్నమెంటు ఉద్యోగమా?" అన్నాడు.

ఆగుతానా? ఆ వారమే వెళ్లే సంచిక అట్ట మీద పెద్దక్షరాల్లో వేసేసినా, వచ్చే సంచికలో ఆయన ఇంటర్వ్యూ అని. ఇంక వెనక్కి పోయేదానికి లేదు. ఇంటర్వ్యూ రాకపోతే సంచికా లేదు, నా పరువూ లేదు.

ఇంక కావలసిందల్లా చప్పుడు లేని చోటు. షాపు బస్టాండు ఎదురుగ్గా ఉంది, అక్కడ నా మాట నాకే వినపడదు. ఇంట్లో అంటే, పక్కింటామె టీవీ మా ఇంట్లోనే మోగుతుంది. ఆలోచించి ఆలోచించి నాయన చేను గుర్తుచేసుకున్నా. పెన్న దాటి పోతే మూడు కిలోమీటర్లు. ఉత్తరం గట్టు మీద నిలబడితే సిగ్నలు కూడా నిండుగా ఉంటుంది. మిగతా చేన్లో ఎక్కడా ఉండదు.

"నాయనా, బుధవారం మధ్యాన్నం చేనుకాడికి వస్తా. ముఖ్యమైన ఫోను మాట్లాడల్ల. చప్పుడుండకూడదు."

"మన చేన్లో చప్పుడేముంటాది పాపా? శెనక్కాయ పీకి నెలలాయ. కాకి గూడా రాదు."

బుధవారం వచ్చింది. నా తెలివి చూడండి! వీడియో కాల్ మధ్యలో చార్జి అయిపోతుందేమోనని పొద్దున్నే ఫోన్ ఆపేసి బ్యాగులో పెట్టినా. తెలివి ఎక్కువైతే ఇంతే. మంచి పట్టుచీర కట్టుకున్నా, ప్రశ్నలన్నీ బట్టీ పట్టినా, మస్తాన్ బండెక్కినా. రికార్డరు వాడి జేబులో ఉంది.

చేను దగ్గరపడతానే ఎదురుగా తెల్లటి పొగ.

"అక్కా, మంచు పడినట్టుండాది!"

"మే నెల్లో పామిడిలో మంచేందిరా!"

అనేలోపే చప్పుడు కూడా వచ్చింది. గుండెల్లో దిగే చప్పుడు. మీకు చెప్పాల్సిన పని లేదు, మన జిల్లాలో పుట్టినవాళ్లకి నిద్రలో కూడా తెలిసే చప్పుడది. బోరుబండి! ఎక్కడ? ఉత్తరం గట్టు మీద! నీళ్లెక్కడున్నాయో చూసి పాయింటు పెట్టినాయన అరచేతిలో టెంకాయ సరిగ్గా అక్కడే లేచి నిలబడిందంట. అంత చేను వదిలేసి నా సిగ్నలున్న చోటే!

నాయన తలకి టవలు చుట్టుకుని, కనురెప్పల దాకా రాతిదుమ్ముతో తెల్లగా నిలబడి ఉన్నాడు.

"ఏం నాయనా ఇది!"

"పొద్దున్నుంచి నీకు ఫోన్ చేస్తానే ఉండా. నీది స్విచ్చాఫ్. బండోడు ఈపొద్దే వస్తానన్నాడు. వద్దంటే వజ్రకరూరు పక్కకి పోతాడంట, మల్లా యాడ దొరుకుతాడు? నీది ఫోనే కదా, గట్టిగా మాట్లాడుకుంటావులే అనుకున్నా."

ఏం తిట్టేది చెప్పండి! ఆయనకిది మూడో బోరు. ముందు రెండూ దుమ్ము తప్ప ఇంకేమీ ఇయ్యలేదు. ఇదీ అప్పటికే ఐదొందల అడుగులు పోయింది, ఇంకా దుమ్మే. కాసేపు ఆపమని బండి ఆపరేటర్ని బతిమలాడినా. తమిళాయన. "నడిమిట్లో ఆపితే రాడ్డు లోపలే పట్టుకుంటాది అమ్మా, ఎవరు తీసేది?" అని మళ్లీ లివర్ మీద చెయ్యేసినాడు.

మూడున్నర కావస్తోందని బ్యాగులోంచి ఫోన్ తీసి ఆన్ చేసినా. వెంటనే మోగింది.

తెరమీద ఆయన! తెల్లజుట్టు, మోచేతుల దగ్గర అరిగిన స్వెటరు, చేతిలో టీ కప్పు. నా కళ్లు నిండినాయి. భక్తి సగం, దుమ్ము సగం. ఆయనేమో కొంచెం వెనక్కి జరిగి చూస్తున్నాడు. తర్వాత అర్థమైంది, అప్పటికి నేను కూడా సున్నం కొట్టిన గోడలాగ ఉన్నానని.

"సార్! మీ రెండో ఆల్బం చివరి పాటలో బేస్ ఉన్నట్టుండి ఎందుకాగిపోతుంది?" అని ఇంగ్లీషులో గొంతు చించుకుని అరిచినా.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మళ్లీ అరిచినా. అప్పుడాయన అరిచినాడు, ఆ వెనకాల ఏందా మిషను అని. ఫోన్ తిప్పి బోరుబండి చూపించినా. ఒక్క క్షణం చూపించి మళ్లీ నా ప్రశ్నకొద్దామని. అదే నేను చేసిన తప్పు!

పెద్దాయన టీ కప్పు కింద పెట్టినాడు. ఎంత లోతు పోయింది? కింద ఏం రాయి? ఇక్కడే తవ్వమని ఎవరు చెప్పినారు? ఒకటే ప్రశ్నలు. నాకేం తెలుసు? నాయనని పిలిచినా. నాయన టవలుతో మొహం తుడుచుకుని, ఫోన్లో మొహం పెట్టి, ఆపరేటర్‌తో మాట్లాడినట్టే కేకేసి మాట్లాడినాడు.

"టెంకాయ పెట్టి చూసినారప్పా! నువ్వు నమ్ముతావో లేదో!"

నేను ఇంగ్లీషులో చెప్పినా. ఆయన నమ్మినాడు. వాళ్ల తాత వేపపుల్లలాంటి చీలిన కొమ్మ పట్టుకుని ఊరంతా బావులకి చోటు చూపించేవాడంట. ఆ ముక్క ఏ పుస్తకంలోనూ లేదండీ! నేను పులకరించి రెండో ప్రశ్న ఎత్తుకునేలోపు నాయన నా మోచెయ్యి పొడిచినాడు.

"ఆయప్పకి చేనుండాదేమో అడుగు."

ఉందంట. గొర్రెలు కూడా ఉన్నాయంట. కానీ అక్కడ వానలు తెగక గడ్డి కుళ్లిపోతోందంట, వానతో వేగలేకుండా ఉన్నాడంట.

"ఏమంటాండాడు?"

"వాళ్లకి వాన ఎక్కువైపోయిందంట నాయనా."

నాయన బండి కాడ లేస్తున్న దుమ్ము వైపు చూసినాడు. "కొంచెం ఇట్ల పంపమను" అన్నాడు.

అది చెప్తే పెద్దాయన పడీ పడీ నవ్వినాడు. ఇంతలో ఆయన వెనక నుంచి ఒకామె వచ్చి టైమైందని చేతి గడియారం చూపించింది. ఆయన ఆమె వైపు తిరక్కుండానే చెయ్యి ఊపినాడు. నీళ్లు పడతాయో లేదో తెలియకుండా కదిలేది లేదన్నాడు!

సరే, ఇంకా టైముంది కదా అని నేను మళ్లీ, "సార్, ఆ రెండో ఆల్బం..."

"ఆగు, ఆగు!" ఆయన వేలు చూపిస్తున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే, బండి దగ్గర లేస్తున్న దుమ్ము రంగు మారింది. తెలుపు పోయి బూడిదరంగు. తర్వాత తడి. తర్వాత బురద ఉండలు. "చెమ్మ తగిలింది!" అని ఎవరో అరిచినారు. మస్తాన్ రికార్డరు నా బ్యాగులో కుక్కి అటు పరిగెత్తినాడు, మోటార్లోడు కదా, వాడి ప్రాణం అక్కడుంది. నాయన మాత్రం కదల్లేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. చిన్నప్పుడు తిరణాల్లో పట్టుకున్నాడు అట్లా, మళ్లీ ఇప్పుడే.

అంతలో నీళ్లు లేచినాయండీ! మనిషి ఎత్తుకి రెండింతలు లేచి, మా అందరి మీదా పడినాయి. పట్టుచీరంతా బురద. నాయన ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు, మస్తాన్ డాన్సు చేస్తున్నాడు. ఫోన్ తల మీదికెత్తి పట్టుకున్నా. తెరమీద పెద్దాయన లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతున్నాడు. ఆయన కోసం లక్షల మంది చప్పట్లు కొట్టినారు, ఆయన మా నాయన బోరుకి కొట్టినాడు. నేనూ ఏడ్చేసినా, నాకేం సిగ్గు లేదు. ఆ తర్వాత ఫోన్లోకి నీళ్లు పోయి, తెర నల్లబడి, అక్కడికి అయిపోయింది.

మర్నాడు షాపులో రికార్డరు పెట్టుకుని విన్నాం. నేను బట్టీ పట్టిన ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. నా గొంతే సరిగ్గా వినపడదు. ఆ దడదడలో స్పష్టంగా వినిపించేది నాయనా, పెద్దాయనా ఇద్దరే, పుట్టినప్పటి నుంచీ గొంతెత్తి బతికిన మనుషులు కదా! నేను తల పట్టుకుని కూర్చున్నా. మస్తానే అన్నాడు, "అక్కా, ఉండేది ఉన్నట్టే అచ్చేద్దాం" అని.

వేసినాం. కాపీలు చాలక రెండోసారి కూడా వేసినాం. గుమ్మఘట్ట టీచరు జీవితంలో మొదటిసారి తిట్టకుండా ఉత్తరం రాసినాడు, ఈ పత్రికకి ఇన్నాళ్లకి ఒక పద్ధతైన మనిషి దొరికినాడు, వచ్చే సంచికలో కూడా ఆయన్నే మాట్లాడించండి అని. బేస్ గిటార్ పెద్దాయన గురించేమో అని మురిసిపోయినా. కాదు, మా నాయన గురించి!

న్యాయమే లెండి. ఆ పేజీలు మీరూ తిరగేసి చూడండి. ప్రశ్నలన్నీ ఆ పెద్దాయనవి, జవాబులన్నీ మా నాయనవి. ఇన్నేళ్లు మెయిళ్లు పెట్టి పెట్టి ఈ ఇంటర్వ్యూ సంపాదించిన ఎడిటరమ్మ పేరు అట్టడుగున, చిన్నక్షరాల్లో ఉంటుంది. అనువాదం అని.