రెండేసి మెట్లు

నా చిన్నప్పుడు శాలిబండల మా ఇంటి వాకిట్ల విమానం ఉండేదంటే ఇప్పుడు మా ఇంట్లోళ్లే నమ్మరు. నమ్మకపోతే పోనీ. వర్క్‌షాపుల ఫిట్టరు పని చేసే మా చిన్నాయన నాలుగేండ్లు తిప్పలపడి ఒక్క మనిషి పట్టే విమానం చేసిండు. పాత కారు ఇంజను, కట్టె చట్రం, మీద బట్ట. దానివల్ల గుడ్డలు ఆరేసే జాగ గూడ లేదని మా అమ్మ రోజూ గొణిగేది.

ముందట తిరిగే పంఖాను వడ్రంగి పని చేసే పక్కింటి వడ్ల తాత టేకుకట్టెతోని చెక్కిండు. లెక్క మాత్రం చిన్నాయనదే. రెక్కకు మెలిక ఎంత ఎక్కువుంటే పంఖా ఒక్క చుట్టుకు విమానాన్ని అంత దూరం గుంజుతదట. అందుకని మస్తు మెలిక పెట్టించిండు. అంత మెలికను ఈ ఇంజను తిప్పలేదని తాత మూడుసార్లు చెప్పిండు. చిన్నాయన ఇంగ్లీషు పుస్తకం చూపిచ్చి, కట్టె సంగతి నువ్వు చూస్కో, లెక్క సంగతి నేను చూస్కుంటనన్నడు.

ఊరి బయట ఒక ఆసామి తన బీడును సెలవు దినాలైన రెండు ఐతారాలు వాడుకొమ్మన్నడు. తర్వాత దున్నుకుంటడట. విమానం రెక్కలు ఊడదీసి లారీల వేసుకొని పోయినం. వెనక గల్లీ గల్లీ అంత వచ్చింది, బడిల చాటింపు వేసింది నేనే కద. ఇంజను ముసలెద్దులెక్క మూలిగింది గని పంఖా జోరందుకోలే. చిన్నాయన ఎక్కి తోలితే విమానం మూడుసార్లు ఈ కొస నుంచి ఆ కొస దాంక నేల మీద్నే ఉరికింది. నాకు తల కొట్టేసినట్టయింది. తెల్లారి బడిల పిల్లలు నా ముందట చేతులు చాపి గుర్రుమనుకుంట ఉరికిన్రు. చిన్నాయనకేమో ఇంజనుది తప్పు, పెట్రోలుది తప్పు. పంఖా మాటెత్తితే మొహం మాడ్చుకునేటోడు. ఇంకొక్క ఐతారమే మిగిలింది, ఈయనేమో గిట్ల. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ రోజు పొద్దుగూకే యాళ్లకు తాత మా వాకిట్లకు వచ్చి కూసున్నడు. చిన్నాయన ఇంజను ముందటేసుకొని అటు తిరిగి ఉన్నడు. మిద్దె మీది తొట్టిల నీళ్లు పొయ్యమని తాత నన్ను పురమాయించిండు. రెండేసి మెట్లు ఎక్కు, జల్దీ అయితదన్నడు. అసలే కోపంల ఉన్న. నిండు బిందె చంకన పెట్టుకొని ఎక్కిన. నాలుగో అంగకు కాళ్లు వణికినయ్, ఐదో అంగకు కాలు లేవనే లేదు. బిందె జారి నీళ్లన్ని నా మీద్నే పడ్డయి. లంగ తడిసింది, మోకాలు చెక్కుకపోయింది. ఏడ్చుకుంట తాతనే తిట్టిన.

తాత నన్నే చూస్తున్నడు గని గొంతు మాత్రం వాకిలంత వినపడేటట్టు పెంచిండు.

"బిడ్డా, తప్పు నీ కాళ్లది కాదు. బలానికి మించిన అంగ ఏసినవ్. చిన్న అంగ ఏస్తే అవే కాళ్లు నిన్ను పైకి తీస్కపోతయ్."

మల్ల నింపుకొని ఒక్కొక్క మెట్టే ఎక్కిన. నీళ్లు తొట్టిల పడ్డయి. కిందికి దిగి చూస్తే చిన్నాయన పని ఆపి పంఖా దిక్కు చూస్తున్నడు. తెల్లారి కొత్త టేకుపలక భుజాన పెట్టుకొని తాత ఇంటికి పోయిండు. ఈసారి మెలిక ఎంత పెట్టాల్నో తాతనే అడిగిండట.

రెండో ఐతారం తక్కువ మెలిక పంఖాతోని ఇంజను గొంతు విప్పింది. విమానం రెండు నిలువులు లేచి, బీడు దాటకముందే దిగింది. గంతే. చిన్నాయన ఉరికొచ్చి తాత కాళ్లకు మొక్కిండు. అందరు సంబురపడ్డరు. నా మోకాలు మాత్రం ఇంక మండుతనే ఉంది. చిన్నాయనకు చెప్పాల్సిన మాట తాత నా మీద పెట్టి చెప్పిండని నాకు అప్పుడు సమజయింది. ఆయనకు బుద్ధి చెప్పెటందుకు నా మోకాలే దొరికిందా అని పది రోజులు తాతతోని మాట్లాడలే.

ఇప్పుడు చిన్నాయన మొండితనమంత నాకే వచ్చిందంటరు. మొన్న మా కోడలు నా మనవరాలిని ఒళ్లె కూసుండబెట్టుకొని, మందు గోలీలు మింగనని మొండికేస్తే ఎట్ల బిడ్డా, ఇంట్ల అందరికి ఫికర్ కాదా అని జర గట్టిగనే చెప్తున్నది. ఆ పిల్లకు ఏ గోలీలూ లేవు. మస్తు కోపమొచ్చింది. లేచి లోపలికి పోయి నా గోలీలు మింగిన.