ఆరుగురం ఉన్న లెక్క

నా చిన్నప్పుడు లెక్కలంటే ఒళ్ళుమంట. పంతులు ఎక్కం అప్పజెప్పమంటే చాలు, నాకు కడుపునొప్పి వచ్చేది. అలాంటి నాకు ఒకే ఒక్క పెద్ద సంఖ్య ఈ వయసులోనూ నోటికి వచ్చు. లక్షా నలభై రెండువేల ఎనిమిది వందల యాభై ఏడు.

మాది కోస్గి పక్కన పల్లె. పంట ఇంటికొచ్చాక ఊళ్ళో పని ఉండేది కాదు. అమ్మా బాపూ కూలీలను తోలుకుపోయే గుంపుమేస్త్రీ లారీ ఎక్కి ఎక్కడో ఆనకట్ట పనికి పోయేవాళ్ళు, మళ్ళీ తొలకరికే రావడం. చంటిదని చెల్లెను వెంట తీసుకుపోయి, అన్ననూ నన్నూ అవ్వ దగ్గర వదిలేవాళ్ళు. ఆ సంవత్సరం పక్క ఊరి ఆవిడ పని దగ్గర మట్టిపెళ్ళ కూలి చనిపోయిందని కబురొచ్చింది. ఇక నాకు అన్నం సయించలేదు. అమ్మ కూడా రాదేమోనని ఒకటే ఏడుపు.

పక్కింటి చిచ్చా ఉర్దూ బడిలో లెక్కలు చెప్పేవాడు. నన్ను పిలిచి, వాకిట్లో శాబాదు బండ మీద సుద్దతో 142857 అని రాశాడు. "గిది మీ ఇల్లే బిడ్డా. ఒకటి మీ చెల్లె, రెండు నువ్వు, నాలుగు అన్న, ఐదు అమ్మ, ఏడు బాపు, ఎనిమిది అవ్వ" అన్నాడు. రెండుతో గుణించమన్నాడు. 285714. మూడుతో గుణిస్తే 428571. అవే అంకెలు! జాగా మారాయే తప్ప ఒక్కరూ తప్పిపోలేదు. నాలుగుతో గుణిస్తే 571428. అమ్మ, బాపు, చెల్లె ముందు నడుస్తుంటే వెనక అన్న, నేను, అవ్వ.

"సూసినవా? యాడికి పోయినా గదే వరుస. పో, జర బువ్వ తిను" అన్నాడు. ఆ పూట జొన్నరొట్టె కడుపునిండా తిన్నాను.

ఐదు, ఆరు నేనే చేసుకున్నాను. ఆశ ఊరుకుంటుందా? ఏడుతో కూడా గుణించాను. 999999. అన్నీ తొమ్మిదులే. అమ్మ లేదు, నేను లేను, ఎవ్వరూ లేరు! చిచ్చా దగ్గరికి ఉరికి, అబద్ధం చెప్పావని ఆయన లుంగీ పట్టుకొని గుంజాను.

ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "అబద్ధం గాదు బిడ్డా. గంత దూరం పోతే ఎవ్వరింట్లనైనా గంతే. మా ఇంట్ల గూడ గంతే. గని గది రాకముందే ఎందుకు ఫికర్ జేస్తవ్? మీ అమ్మ వస్తది. వచ్చినంక కండ్లార సూసుకో" అన్నాడు. ఆ ఇంట్లో ఆయనొక్కడే మిగిలాడన్న సంగతి నాకప్పుడు తట్టనే లేదు.

తొలకరికి అమ్మ వచ్చింది. ఎండకు నల్లబడి, చెల్లెను చంకనేసుకొని లారీ దిగింది. పొయ్యి ముందు కూర్చుంటే పక్కనే కూర్చున్నాను. నీళ్ళకు పోతే కొంగు పట్టుకొని పోయాను. "ఏందే గట్ల సూస్తున్నవ్, నేనేమన్న కొత్తదాన్నా?" అని నవ్వేది. ఆ తర్వాత ప్రతి తొలకరికీ అదే తంతు.

ఇప్పుడు ఆ ఆరుగురిలో నేనూ చెల్లే మిగిలాం. మహబూబ్‌నగర్‌లో మనవరాలి సెల్లు తీసుకొని అప్పుడప్పుడు ఆ సంఖ్య నొక్కుతాను, ఆరు దాకా గుణించి చూసి ఆపేస్తాను. ఇంటికి నావాళ్ళు ఎవరొచ్చినా, చేతిలో పని వదిలేసి వాళ్ళ మొహం చూస్తూ కూర్చుంటాను. కోడలు విసుక్కుంటుంది. విసుక్కోనీ, నాకేం! చిచ్చా చెప్పినట్టే అమ్మను కండ్లార చూసుకున్నాను. అయినా సాలలేదు.