మూడువందల నలభై ఏడో పేజీ

మా గైడు సారు కోపిష్టి కాదు. అసలు భయమంతా అందుకే. కోపం వచ్చేవాళ్ళు నాలుగు అరుపులు అరిచి ఊరుకుంటారు. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకొని, మళ్ళీ పెట్టుకొని, మెల్లగా ఒక్క ప్రశ్న అడిగేవారు. ఆ ప్రశ్నకు నోరు పెగలక పీహెచ్‌డీ వదిలేసిన వాళ్ళు నాకు తెలిసి ఇద్దరున్నారు.

నేను మూడోదాన్ని అయ్యే పరిస్థితి వస్తుందని అనుకోలేదు. మా నాన్నది ఎర్రగుంట్లలో కిరాణా కొట్టు. ఐదేళ్ళుగా, కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళకూ "మా పాప డాక్టరు అవుతాంది" అని చెప్పి, "ఏ డాక్టరప్పా, పిల్లల డాక్టరా?" అని వాళ్ళు అడిగితే వివరించలేక అవస్థ పడేవాడు. బోర్లు ఎండిపోయిన రైతుల మీద పరిశోధన అంటే కందిబేళ్ళు, బెల్లం కొనడానికి వచ్చినవాళ్ళకు ఏం అర్థమవుతుంది పాపం!

కడపలో నా థీసిస్ పూర్తయింది. కమిటీ ముందు సెమినార్ ఒక్కటే మిగిలింది. అప్పుడు వచ్చింది కొత్త నిబంధన. థీసిస్ చివర ఆధారాలుగా చూపిన ప్రతి వ్యాసాన్నీ పూర్తిగా ప్రింటు తీసి ఫైలు చేయాలి. అన్నీ ఉన్నాయని గైడు సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే సెమినార్ లేదు.

"అన్నీ చదివినావు కదమ్మా?" అన్నారు సారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"చదివినా సార్."

అబద్ధం. పదకొండు చదవలేదు. ఇంటికి పోయి లెక్కపెట్టుకుంటే పదకొండు తేలాయి. అవెక్కడివి అంటారా? మా విభాగంలో ఒక అలవాటు ఉండేది. సీనియర్లు పోతూ పోతూ తమ ఆధారాల జాబితాను, ఏ వ్యాసం ఏం చెబుతుందో ఒక్కో వాక్యంతో సహా, పెన్‌డ్రైవ్‌లో జూనియర్ల చేతిలో పెట్టి పోయేవాళ్ళు. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు సారె పెట్టినట్టు పెట్టేవాళ్ళు. మేమూ కళ్ళకద్దుకొని తీసుకొనేవాళ్ళం. అందులో పనికొచ్చేవి మన జాబితాలోకి దించుకోవడమే. తప్పని ఎవరికీ తోచలేదు. నాకసలే తోచలేదు.

మరుసటి రోజు పొద్దున్నే లైబ్రరీకి పోయాను. కంప్యూటర్ల గదికి చెప్పులు బయట విడిచి పోవాలి. అక్కడుండే పెద్దాయనను అందరం భాయ్‌సాబ్ అనేవాళ్ళం. ఆయనది మంచి మనసు, పెద్ద గొంతు. "ఏమ్మా, ముఖం అట్ల పెట్టుకున్నావే?" అని గదంతా వినపడేటట్టు అడిగారు. నేను గుసగుసగా చెప్పాను.

"గూగుల్లో పేరు కొట్టి కూర్చుంటే సారాంశం తప్ప ఏమీ రాదు. లైబ్రరీ పేజీలోకి పోయి డేటాబేసు తెరువు. వ్యాసం కింద పూర్తి పాఠం అని లింకు ఉంటాది, అది నొక్కు. లింకు లేకపోతే పత్రిక పేరు, సంపుటి, పేజీ నంబరు ఇయ్యి. ఈ గోడల లోపల నుంచి నొక్కితే మనం చందా కట్టినవన్నీ తెరుచుకుంటాయి. బయట నుంచి నొక్కితే దుడ్లు అడుగుతాది."

లింకు నొక్కడం, ఇంకో కిటికీ తెరుచుకోవడం, తెల్లటి తెర మీద చిన్న చక్రం తిరగడం. ఆ చక్రం తిరుగుతున్నంతసేపూ మౌస్ మీద నుంచి వేలు తీసేదాన్ని కాదు. ఒకటి దొరికింది. రెండోదీ దొరికింది. మూడోది మాకు చందా లేదంది, భాయ్‌సాబ్ వేరే డేటాబేసులోంచి తెప్పించారు. మధ్యాహ్నానికి పది తేలాయి. ప్రాణం లేచొచ్చింది. క్యాంటీన్‌లో రెండు ఉగ్గాణి ప్లేట్లు లాగించాను.

పదకొండోది మిగిలింది. బోర్లు ఎండినా రైతులు పంట ఎందుకు మార్చరో చెప్పే వ్యాసం. నా మూడో అధ్యాయమంతా దాని మీదే నిలబడి ఉంది. పత్రిక ఉంది, సంపుటి ఉంది, మూడువందల నలభై ఏడో పేజీ కూడా ఉంది. అవి ఇస్తే లింకు చక్కగా తెరుచుకుంది. చూస్తే, గొర్రెల మేత గురించి!

లింకు తప్పేమో అనుకున్నాను. మళ్ళీ నొక్కాను. మళ్ళీ గొర్రెలే. భాయ్‌సాబ్ తాను నొక్కి చూశారు. ఆ పత్రిక అచ్చు ప్రతులు ఉన్న వేరే లైబ్రరీకి ఈమెయిల్ పంపారు. రెండో రోజు విషయసూచిక ఫొటోతో జవాబు వచ్చింది. ఆ సంపుటిలో గానీ, ముందూ వెనకా సంపుటుల్లో గానీ అలాంటి వ్యాసమే లేదట.

లేని వ్యాసాన్ని చదివినానని గైడుతో చెప్పాను కదా!

"దీన్ని యాడ నుంచి తెచ్చినావమ్మా?" అన్నారు భాయ్‌సాబ్. ఈసారి ఆయన గొంతు కూడా తగ్గింది.

థీసిస్‌లు పెట్టే అరల దగ్గరికి పోయాం. నాకు జాబితా ఇచ్చిన అక్క థీసిస్‌లో ఆ వ్యాసం ఉంది. ఆమెకు ముందు అన్న థీసిస్‌లోనూ ఉంది. అతనికి ముందు ఇంకొకరు. ఒకే వాక్యం, అదే పేజీ నంబరు. ఒక్కొక్కటే కిందికి దిగుతూ పోతే, చివరి అరలో నల్ల అట్ట థీసిస్ ఒకటి దుమ్ము పట్టి కనిపించింది. తెరిచాను. అందులోనూ ఉంది. అట్ట మీద బంగారు అక్షరాల్లో మా గైడు సారు పేరు.

"యా అల్లా," అన్నారు భాయ్‌సాబ్.

శనివారం, ఆదివారం నాకు అన్నం దిగలేదు. చెబితే ఆయన థీసిస్‌ను వేలెత్తి చూపినట్టు. చెప్పకపోతే ఫైలులో ఆ వ్యాసం ఏదమ్మా అని అడుగుతారు. తీసేద్దామంటే మూడో అధ్యాయం కూలుతుంది. అమ్మ ఫోన్ చేసి "తిన్నావా?" అంటే ఏడుపొచ్చి పెట్టేశాను.

సోమవారం సారు గదిలో ఫైలు పెట్టాను. ఆయన ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. పెన్ను ఆ వరుస దగ్గర ఆగింది. విషయసూచిక ఫొటో ప్రింటును బల్ల మీదికి తోశాను.

ఆయన దాన్ని వేలు పెట్టి చివరిదాకా చదివారు. కళ్ళజోడు తీశారు, తుడవలేదు. లేచి పోయి తలుపు మూశారు. అయిపోయింది నా పని అనుకున్నాను.

"నేనూ చదవలేదమ్మా," అన్నారు. "మా గైడు చీటీ మీద రాసిచ్చినాడు, ఇది పెట్టుకో అని. యాడ దొరుకుతాది సార్ అని అడగడానికి శానా భయం నాకు. ఆయన పోయినాడు. ఎవురైనా అడుగుతారేమోనని అప్పట్నుంచీ ప్రతి సెమినార్లోనూ భయపడతానే ఉండా."

"ఇప్పుడెట్ల సార్?"

"ఉండనీ. ఇన్నేండ్లు ఎవురూ అడగలేదు."

సంతకం పెట్టారు. వద్దు సార్ అని నేను అనలేదు. ఫైలు గుండెలకు హత్తుకొని వచ్చేశాను. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే, సిగ్గు విడిచి చెబుతున్నాను.

సెమినార్‌లో కమిటీ పెద్దాయన ఫైలు చేతిలోకి తీసుకొని పేజీలు తిప్పుతుంటే ఒక్కో పేజీ లెక్కపెట్టుకున్నాను. "అబ్బో, ఇంత బరువా!" అని నవ్వి కింద పెట్టేశారు. డాక్టరేటు వచ్చింది. నాన్న కొట్లో అందరికీ మైసూరుపాకు పంచాడు. భాయ్‌సాబ్ "ఆ గొర్రెల సంగతి ఏం చేసినారమ్మా?" అని అడిగారు. తీసేసినామని చెప్పాను. "మంచి పని చేసినావు బేటీ" అన్నారాయన. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇప్పుడు కర్నూలులో పాఠాలు చెబుతున్నాను. నా దగ్గరా పరిశోధన చేసే పిల్లలున్నారు. నేను అరవనని, మెల్లగా అడుగుతానని వాళ్ళకు నేనంటే హడలు. నా థీసిస్ ఆన్‌లైన్‌లో ఉంది. ఎవరైనా దాన్ని తెరిచారని వింటే నా ప్రాణం నా దగ్గర ఉండదు.

మొన్న ఆదోని అమ్మాయి నా గది గుమ్మంలో నిలబడింది. చేతిలో ఒక కాగితం ఉంది.

"మేడం, మీ థీసిస్‌లోని ఒక వ్యాసం కోసం మూడు రోజుల నుంచి చూస్తాండా. లింకు నొక్కితే గొర్రెల మేత గురించి వస్తాండాది. నాకే సరిగ్గా వెతకడం రాలేదేమో. మీరు యాడ చదివినారు మేడం?"

లేచి పోయి తలుపు మూశాను. వెనక్కి తిరిగితే ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. తన పని అయిపోయిందనుకుంటోంది. ఆ ముఖం నాకు తెలుసు.

మళ్ళీ తలుపు బార్లా తీశాను. వరండాలో పిల్లలు తిరుగుతున్నారు.

"నేను చదవలేదమ్మా," అన్నాను, వాళ్ళకూ వినపడేటట్టు. "అట్లాంటి వ్యాసమే లేదు."