చిరిగిన స్పీకర్ల వదిన

నాలుగేళ్లుగా ఆ బ్యాండు ఎక్కడ వాయించినా వదిన తెర వెనకే కూర్చుంది. ముందు మరిది గిటారు, అతని స్నేహితుడి డ్రమ్స్. జనాన్ని వెర్రెత్తించే ఆ గరగర, ఆ కీచు మాత్రం ఆమెవి. "నువ్వు ముందుకొస్తే ఏం బాగుంటుంది వదినా, కుర్రాళ్ల బ్యాండు కదా" అన్నాడు మరిది.

ఆమె పని స్పీకర్లు బాగుచేయడం. లోపల చిరిగిన కాగితానికి జిగురు పూసి, ఆరాక ఆంప్లిఫయరు తీగ కొనకు వేలు తాకించి చూస్తుంది. బుర్‌ర్‌మంటే స్పీకరు బతికినట్టు. ఆ బుర్‌ర్ ఎంత నచ్చిందంటే, ఇంట్లో పాత స్పీకర్లను కావాలనే బ్లేడుతో చీల్చి, వాటిలో సీసా మూతలు పోసి మోగించడం మొదలుపెట్టింది. "దుకాణంలో అతికిస్తావు, ఇంటికొచ్చి చింపుతావు. నీకేమైనా పూనిందా?" అని మొగుడు నెత్తి కొట్టుకునేవాడు.

ఆ మోతతోనే ఆల్బమ్ మొత్తం రికార్డు చేశారు. మిక్సింగు చేసేవాడు కొత్తవాడు, మహా శ్రద్ధ గల మనిషి. గరగర ఎక్కడ వినబడితే అక్కడ తుడిచేసి, అసలు ఫైళ్ల మీదే సేవ్ చేసేశాడు.

"మీ వైర్లు బాగాలేవు సార్. వినండి, అంతా శుభ్రం చేశా!" అన్నాడు గర్వంగా.

వింటే జోలపాటలా ఉంది. మరిది మొహంలో నెత్తురుచుక్క లేదు. డ్రమ్మరు మాత్రం నవ్వాపుకోలేక కుర్చీలోంచి జారిపోయాడు.

"వదినా, మళ్లీ వాయించాలి. నువ్వే దిక్కు."

"వాయిస్తా. కానీ ఇకనుంచి స్టేజీ మీద ముందే కూర్చుంటా. నీ పక్కన."

"జనం ఏమంటారో..."

"ఇన్నాళ్లూ వాళ్లు కేకలేసింది దేనికిరా? నీ జుట్టుకా?"

"సరే తల్లీ, సరే! మాటంటే మాట."

వేలు తీగకు తగిలింది. గది ఊగిపోయింది! మూతలు గంతులేశాయి, కిటికీ అద్దాలు దడదడలాడాయి, గిటారు గొంతు చించుకుని ఆ మోతలో దూకింది. మిక్సింగు చేసేవాడు హెడ్‌ఫోన్లు పీకేసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అమ్మా, ఇది తప్పు కాదా?"

"తప్పే. కావాలని చేస్తున్నా. చెయ్యి పెట్టకు!"

ఆల్బమ్ వచ్చేసింది, చెవులు దద్దరిల్లేలా. విడుదల కచేరీ ఈ శనివారమే. మరిది మాట మీద నిలబడ్డాడు. హాలువాళ్లే "ముందు చోటు లేదు, ఆవిడ వెనక సర్దుకుంటారులెండి" అంటున్నారు. ఎప్పుడూ ఆవిడే ఎందుకు సర్దుకోవాలి? చదివి ఊరుకోకండి. ఇవాళే హాలుకు ఫోన్ చేయండి. వదిన కుర్చీ ముందు పడితేనే టికెట్టు కొంటామని గట్టిగా చెప్పండి.