అత్తగారి పాటల పెట్టె

మొన్న దసరాకి ఆయుధ పూజ చేస్తుంటే, కత్తిపీట, కుట్టు మిషను, స్కూటర్ తాళాల పక్కన మా అమ్మాయి తన లాప్‌టాప్ కూడా తెచ్చి పెట్టి, బొట్టు పెట్టు గానీ అక్షింతలు మాత్రం వేయకమ్మా అని నవ్వుతూ హెచ్చరించింది. మా ఇంట్లో ఆ కట్టుబాటు చిన్నప్పటి నుంచీ చూస్తోందే గానీ, అదెక్కడ పుట్టిందో దానికి తెలియదు. మావారికీ నాకూ తెలుసు.

ఇరవై ఏళ్ల కిందటి మాట. మావారికి రైల్వేలో ఉద్యోగం, రాయపూర్‌లోని మోవాలో అద్దె ఇల్లు. మా అత్తగారిది విజయనగరం వైపు. ఈ ఊళ్లో సగం జీవితం గడిపినా కూరగాయలు బేరమాడేంత హిందీయే ఆవిడకు వచ్చింది కానీ, నలుగు పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు మాత్రం లెక్కలేనన్ని వచ్చు. చదువు రాదు, అంతా నోటిలోనే. అప్పుడే కంప్యూటర్ కొన్నాం గనక, నేను కొత్తగా నేర్చుకున్న హుషారులో రోజూ మధ్యాహ్నం ఆవిడ పాడుతుంటే తెలుగులో టైపు కొట్టి దాచేదాన్ని. కాగితం మీద రాయడం పాతకాలపు పని అనుకునేంత పొగరు నాకు! ఆ వానాకాలం ఆవిడకు చిన్నగా పక్షవాతం వచ్చింది. కాలూ చేయీ కోలుకున్నాయి గానీ, పాటలు మాత్రం సగంలో ఆగిపోయేవి. తర్వాతి చరణం కోసం ఆవిడ నా మొహంలోకి చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది.

ఆ దసరాకి ఆవిడే పట్టుబట్టి కంప్యూటర్ డబ్బాకి కుంకుమ పెట్టి, బంతిపువ్వు పెట్టి, దోసెడు అక్షింతలు పోసి దీవించింది. మర్నాడు మీట నొక్కితే తెర మీద బొమ్మ వచ్చినట్టే వచ్చి టప్పున ఆరిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. మావారు తీగలన్నీ పీకి మళ్లీ గుచ్చారు, ప్లగ్గు మార్చారు, పక్కింటి నుంచి స్టెబిలైజర్ తెచ్చారు. చివరికి ఆయన ఆఫీసు స్నేహితుడొచ్చి, ఫార్మాట్ కొట్టేస్తే సరి అని తేల్చాడు. ఫార్మాట్ అంటే లోపల ఉన్నదంతా చెరిపేయడమని తెలిసి నేను డబ్బాకి అడ్డం నిలబడ్డాను. అత్తగారేమో జ్వరం వచ్చిన పిల్లని అడిగినట్టు, దానికి నయమైందా అని పూటపూటా అడిగేది.

మూడో రోజు డబ్బాని పాత నేతచీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, మావారి స్కూటర్ వెనక కూర్చుని, పండరీ బట్టల బజారు రద్దీలోంచి తెలీబంధాలోని మరమ్మతు దుకాణానికి వెళ్లాం. గోతిలో పడ్డప్పుడల్లా పాటలే ఒలికిపోతున్నట్టు గట్టిగా పట్టుకున్నాను. మెకానిక్ మూత తీసి, టార్చి వేసి చూసి, పకపకా నవ్వాడు. "భాభీజీ, ఇస్‌కో చావల్ కిస్‌నే ఖిలాయా?" దీనికి బియ్యం ఎవరు తినిపించారని! పసుపు అంటిన అక్షింత గింజ ఒకటి పక్కనున్న గాలి కన్నాల్లోంచి జారి లోపలి చిన్న ఫ్యాను రెక్కకు అడ్డం పడిందట. ఫ్యాను తిరగక లోపల వేడెక్కి, మాడిపోకుండా తనంతట తనే ఆరిపోతోందట. పట్టకారుతో గింజ తీసి మీట నొక్కితే, తెర వెలిగి అలాగే నిలిచింది. పాటలన్నీ ఉన్నాయి, ఒక్క అక్షరం పోలేదు. దుకాణంలో అందరి ముందూ ఏడ్చేశాను. మూడు రోజుల తర్వాత ఆ పూట అన్నం సయించింది.

ఇంట్లో అత్తగారికి మాత్రం దుమ్ము పట్టిందని చెప్పాం. మావారిచేత కూడా ఒట్టు వేయించాను. ఆ సాయంత్రం నేను తెర మీద చూసి చదువుతుంటే, అత్తగారు అప్పగింతల పాట ఆఖరి చరణం దాకా పాడి, పూజ చేశాం గనకే బతికిందని తృప్తిగా అంది. అవునన్నాను.

మరుసటి దసరాకి బొట్టు పెట్టడం అయ్యాక అత్తగారు అక్షింతలు తీసుకుని కంప్యూటర్ ముందు ఆగింది. "దానిమీదొద్దులేమ్మా. నీ నెత్తినేస్తాను, ఇలా వొంగు" అంది. ఆ గింజ సంగతి ఆవిడకెలా తెలిసిందో మరి! వంగాను. పోయేదాకా ఏటా అలాగే వేసింది.

ఇప్పుడా పాటలు మూడు చోట్ల భద్రంగా ఉన్నాయి, అమ్మాయి ఫోనులో కూడా. మొన్న దాని మాట ప్రకారమే లాప్‌టాప్‌కి బొట్టు మాత్రం పెట్టి, అక్షింతలు అమ్మాయి నెత్తిన వేశాను. పళ్లెంలో ఇంకొన్ని మిగిలాయి. నేనెవరి ముందు వంగాలో తోచక, కాసేపు అలాగే నిలబడ్డాను.