ఎదురుగాలికి విమానం లేవదన్నాను

మా అత్తగారి మొదటి విమాన ప్రయాణాన్ని ఆఖరిది చేయబోయిన ఘనుణ్ణి నేనే. కంగారుపడకండి, విమానం క్షేమం. దెబ్బ తిన్నది నా పరువు ఒక్కటే.

ఉత్తరాదిన వైశాలిలో మా ఇంట్లో కొన్నాళ్ళుండి, ఆవిడ చిన్నకూతురి నిశ్చితార్థానికి విజయవాడ బయల్దేరారు. ముహూర్తం ఆ సాయంత్రమే. మా ఆవిడ ముందే వెళ్ళిపోవడంతో తోడు నేనే. విమానాల గురించి నాకు తెలిసింది ఫోన్లో చూసిన నాలుగు వీడియోలు. వినే చెవి దొరికితే అది చాలదూ? విమానం కదలగానే కిటికీలోంచి వంగిన గడ్డి చూపించి, గాలి వెనకనుంచి తోస్తోంది, ఇట్టే లేచిపోతామని ధైర్యం చెప్పాను.

ఇంతలో పైలట్ ప్రకటన: గాలి మళ్ళింది కనుక రన్‌వే అవతలి కొసనుంచి, గాలికెదురుగా బయల్దేరతాం.

"ఎదురుగాలికి సైకిలే కదలదు. ఇంత బరువు ఎలా లేస్తుంది?" అని పైకే అనేశాను. గాలిలో దీపం పెట్టి దేవుడా అన్నట్టు, ఈయన గాలిలో మనల్ని పెడుతున్నాడని కూడా కలిపాను.

అత్తగారు బెల్టు విప్పి లేచారు. "నేను దిగిపోతానండీ. రైల్లో వెళ్తాను."

ఎయిర్ హోస్టెస్ పరుగున వచ్చింది. "మాతాజీ, బైఠియే" అంటూ కూర్చోమంది. అత్తగారికి హిందీ రాదు, ఆ పిల్లకి తెలుగు రాదు. దుబాసీని నేనే. ఎవరు దిగినా విమానం వెనక్కి తిప్పి, సామాను దించాలట. వెనక వరసల్లో తలలు లేచాయి. పెళ్ళికూతురి తల్లి లేని నిశ్చితార్థం, గుమ్మంలో మా ఆవిడ ముఖం కళ్ళముందు కదిలాయి. విమానం కూలడమే నయమనిపించింది.

పక్కసీటులో కంటోన్మెంటునుంచి వస్తున్న ఒక తెలుగావిడ, ఎయిర్‌ఫోర్సు ఆఫీసరు భార్యట, అత్తగారి చెయ్యి పట్టుకున్నారు. "ఆంటీ, రెక్కలమీద ఎంత గాలి పారితే అంత తేలిగ్గా లేస్తుంది. ఎదురుగాలి ఉంటే కాస్త దూరం పరిగెత్తితే చాలు. వెనకగాలైతేనే రన్‌వే చాలదేమోనని బెంగ."

అత్తగారు నావైపు చూడకుండా కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. విమానం గాలికెదురు పరిగెత్తి, హాయిగా లేచింది. నా ప్రాణమూ దాంతోపాటే లేచొచ్చింది. ముహూర్తానికి ముందే ఇంట్లో ఉన్నాం.

గుమ్మంలో మా ఆవిడ, ప్రయాణం ఎలా జరిగిందని అడిగింది. అత్తగారు నింపాదిగా చెప్పారు: "ఎదురుగాలి ఉంటేనే పైకి లేస్తారటమ్మా. నువ్వు ఎదురు చెప్పబట్టే అల్లుడుగారు ఈమాత్రం పైకొచ్చారు. మానకు."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నేను నోరు మూస్తేనే ఊరు చేరేది. కాబట్టి సర్వజనుల సమక్షంలో ప్రతిజ్ఞ: ఇకమీదట విమానంలో ఉప్మా తినడానికి తప్ప నోరు తెరవను. ఉప్మా బాగోలేదని కూడా అనను.