వదినకు నేను తీసిన పత్తా

మా చుట్టాలలో ఒక మాట ప్రచారంలో ఉంది. మా వదిన గంజీఫా పత్తాలను నమ్మి, మొగుడు రమ్మన్నా పోకుండా కొన్నేళ్లు కరీంనగర్‌లోనే ఉండిపోయిందని. పెళ్లి విందుల్లో విస్తరాకులు తీశాక, వక్క నములుతూ, నవ్వుకోవడానికి చెప్పుకునే మాట అది. చాలాసార్లు నేనూ ఆ గుంపులోనే కూర్చుని ఉన్నాను. అది అబద్ధమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పలేదు. పైగా నలుగురితో పాటు నవ్వాను.

గంజీఫా అంటే ఇప్పటివాళ్లకు తెలియకపోవచ్చు. అరచేతిలో ఇమిడే గుండ్రని పేకముక్కలు, మేం పత్తాలంటాం. నిర్మల్‌లో బొమ్మలు వేసేవాళ్లు పాతగుడ్డను పొరలు పొరలుగా చింతగింజల జిగురుతో అతికించి, గట్టిపడ్డాక రంగులు వేసి, పైన లక్కపూత పూసి చేసేవారు. బొమ్మలు దశావతారాలవి. చేప, తాబేలు, పంది, కమండలం, గొడ్డలి, చివర్న కత్తి పట్టిన రౌతుతో గుర్రం. మా వదినది ఖానాపూర్. వాళ్ల తాత ఆడుకున్న పత్తాల పెట్టె ఒకటి ఆమె దగ్గర ఉండేది. తాత పోయాక కొన్ని పత్తాలు పోయి ఆటకు పనికిరాకుండా అయ్యాయి. వాళ్ల ముసలవ్వ మిగిలినవాటితో ఇంట్లోవాళ్లకు మంచీ చెడూ చెప్పేది. వదిన మా ఇంటికి వచ్చేటప్పుడు ఆ పెట్టెను చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకుంది.

మాది సాలోళ్ల ఇల్లు. మగ్గం గుంటలో నేను కూర్చుంటే, పక్కన రాట్నం దగ్గర వదిన కండెలు చుట్టేది. ఆమె చెయ్యి ఆగితే, పడుగులో అటూ ఇటూ తిరిగే నా నాడె ఆగుతుంది. అన్న అప్పటికే మందమర్రి బొగ్గుబాయిలో పనికి పోయాడు. ఒక మగ్గం మీద ఇంతమంది బతకలేమని తేలిపోయిన రోజులు. ఇంట్లో అవ్వ, అంటే మా అమ్మ, వదిన, నేను.

పొద్దున నూలు తడిపి ఆరబెట్టాక కాసేపు తీరిక దొరికేది. అప్పుడే పత్తాలు. మొదటిసారి నేను అడిగింది, చేనేత సొసైటీవాళ్లు నా చీర తీసుకుంటారా అని. పంది వచ్చింది. నా మొహం మాడిపోయింది.

"గట్ల జూస్తవేంది పిలగా? పంది ఏం జేస్తది? మూతి బురదల వెట్టన్న తవ్వుకొని తింటది. సిగ్గువడకుండ పోయి అడుగు."

పోయి అడిగాను. తీసుకున్నారు. ఇంకోసారి గొడ్డలి వచ్చింది. "ఇయ్యాల నూలు సేటు కాడ నోరు తెర్వకు" అంది. తెరిచాను. కొన్నాళ్లు నూలు పుట్టలేదు. ఆ రోజుల్లో అన్నం వడ్డిస్తూ, "గొడ్డలి, జర పప్పు గావాల్నా?" అని అడిగేది.

అవ్వకు ఇవన్నీ గిట్టనట్టే ఉండేది. "పొద్దుగాల్నే సోది మొదలువెట్టిండ్రు" అని గొణిగేది. ఒకరోజు మాత్రం పక్కకు వచ్చి, మోకాలి నొప్పి ఎప్పుడు పోతుందో చూడమంది. కమండలం వచ్చింది.

"ఉడుకునీళ్ల కాపడం వెట్టుకోమంటుంది అత్తమ్మా."

"గిది చెప్పెతందుకు పత్తా గావాల్నా?" అంది అవ్వ. ఆ సాయంత్రమే నీళ్లు కాచుకుంది.

నెమ్మదిగా ఆ బొమ్మలు నాకు ఇరుగుపొరుగుల్లా అలవాటయ్యాయి. తాబేలు అంటే ఉన్నచోటే ఉండమని. గుర్రం అంటే బయలుదేరమని. మిగతావి రోజునుబట్టి మారేవి. పత్తా చెప్పేది కొంచెమే, వదిన మమ్మల్ని రోజంతా గమనించి చెప్పేదే ఎక్కువని కూడా తెలిసింది. అయినా మళ్లీ మళ్లీ అడిగేవాణ్ణి. పత్తా వంకతో ఒక మనిషి నా గురించి కాసేపు ఆలోచించడం నాకు బాగుండేది.

ముసలవ్వ పెట్టిన కట్టుబాటు ఒకటి ఉంది. ఎవరి పత్తా వాళ్లు తీసుకోకూడదు. అడిగినవాళ్లు గోడ వైపు తిరిగి కూర్చోవాలి. తీసినవాళ్లు బొమ్మ చూసి, చెప్పి, పెట్టెలో కలిపేయాలి. ఒక మాటకు ఒకటే పత్తా. ఎందుకట్లా అని అడిగితే వదిన, "ఆశవడ్డోళ్లకు పందిని జూసినా గుర్రం లెక్కనే కనవడ్తదని మా ముసల్ది అనేది" అని నవ్వింది. మా ఇంట్లో వదిన కోసం పత్తా తీసేవాళ్లు లేరు. అందుకే నాకు నేర్పింది.

ఆమె అడిగేవి చిన్న చిన్నవి. నూలుకు పెట్టిన గంజి ఆరేదాకా వాన ఆగుతుందా, ఖానాపూర్ నుంచి వాళ్లవ్వ వస్తుందా. అన్న గురించి ఎప్పుడూ అడగలేదు. అడిగింది ఒక్కసారే.

ఆ దసరాకు అన్న వచ్చాడు. బొగ్గుబాయి కాలనీలో ఇల్లు ఇస్తారట. పెండ్లాం పిల్లలు ఉన్నవాళ్లకు ముందు ఇస్తారు. దీపావళిలోపు వదిన అక్కడ ఉండాలి, లేకపోతే వేరేవాళ్లకు పోతుంది. వదినకు మోకాళ్ల నొప్పులతో ఉన్న అవ్వను వదిలిపోవడానికి మనసొప్పలేదు.

"నా ఫికర్ వెట్టుకోకు బిడ్డా. పో" అంది అవ్వ.

మర్నాడు అన్న బస్సుకు పోయేముందు జవాబు చెప్పాలి. అన్న పెరట్లో బావి దగ్గర స్నానం చేస్తున్నాడు. వదిన పెట్టె తెచ్చి నా ముందు పెట్టి, కొంగు తలమీదికి లాక్కుని, గోడ వైపు తిరిగి కూర్చుంది.

"మందమర్రికి పోవాల్నా, ఉండాల్నా? తియ్యి పిలగా."

తీశాను. గుర్రం వచ్చింది. లక్క కొంచెం పెచ్చులూడినా రౌతు ఎర్ర రుమాలు స్పష్టంగా ఉంది. నా మగ్గం మీద సొసైటీవాళ్ల చీరలు సగంలో ఉన్నాయి. ఆ రాట్నం ఖాళీగా కనిపించింది. వదిన లేని ఇంట్లో అవ్వ గొణుగుడు, నా నాడె చప్పుడు తప్ప మరేం ఉంటుందనిపించింది.

"తాబేలు" అన్నాను.

 "జర మళ్లా జూడు" అంది వదిన, గోడ వైపే తిరిగి.

అప్పుడైనా మాట మార్చుకోవచ్చు. "తాబేలే వదినె" అన్నాను. పత్తాను పెట్టెలో కలిపేశాను.

అన్నకు ఈ ఏడు రానని చెప్పింది. ఎందుకని అడిగితే పత్తాల్లో తాబేలు వచ్చిందని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అన్న చెప్పులు తొడుక్కున్నాడు. ఆ ఇల్లు మరొకరికి పోయింది. తర్వాత ఇంకో ఇల్లు దొరకడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో అన్న పండుగలకు చుట్టంలా వచ్చి పోయేవాడు. నలుగురిలో, "నా సంసారాన్ని తాబేలు మింగింది" అనేవాడు. అందరూ నవ్వేవారు. వదిన కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. పెట్టె మాత్రం మళ్లీ తియ్యలేదు. నా కండెలు చుట్టింది, నా పెళ్లి చేసింది, నా భార్యకు రాట్నం నేర్పింది. ఆ తర్వాతే మందమర్రికి పోయింది.

వాళ్ల బిడ్డ బడికి పోయే వయసు వచ్చాక ఒకసారి నేను మందమర్రి వెళ్లాను. మధ్యాహ్నం, అన్న మొదటి షిఫ్టు దిగి వచ్చాడు. ఇద్దరం అన్నానికి కూర్చున్నాం. పిల్ల పలక పక్కన పెట్టి తల్లిని అడిగింది.

"అవ్వా, సోది నమ్మెటోళ్లు తెలివిలేనోళ్లని మా పంతులమ్మ చెప్పింది. నువ్వు నమ్మినవ్ గదా?"

"నమ్మె గదనే. బాపును ఒక్కణ్ణి జేసె" అన్నాడు అన్న, ఎప్పటి నవ్వుతోనే.

వదిన ఈసారి నవ్వలేదు. కూర గిన్నె కింద పెట్టి పిల్ల వైపు చూసింది.  బిడ్డ ముందు ఆమె చిన్నబోవడం చూశాక చేతిలో ముద్దను కంచంలో వదిలేశాను.

"అన్నా, జర ఆగు" అని, గుర్రం సంగతి, మళ్లా చూడమంటే చెప్పిన రెండో అబద్ధం, అంతా చెప్పాను.

అన్న చెయ్యి కంచంలోనే ఆగింది. వదిన అడిగింది.

"ఎందుకు?"

"నువ్వు పోతే కండెలు చుట్టెటోళ్లు లేకుండె. నాతోని మాట్లాడెటోళ్లు గూడ లేకుండె."

"గదే నోరు తెరిచి అడుగకపోయినవా పిలగా. మగ్గం మీది చీరలు దిగేదాక ఎట్లనో అట్ల ఆగెదాన్ని. గా ఇల్లు పోకపోవు." కూర గిన్నెను పక్కకు జరిపింది. "వాళ్లు నవ్విండ్రంటె తెల్వక నవ్విండ్రు. నువ్వు తెలిసి నవ్వినవ్."

అన్న తలెత్తి నన్ను చూడలేదు, భార్యనే చూస్తున్నాడు. నేను చెయ్యి కడుక్కుని వచ్చి, పిల్ల వినేటట్టుగా వదిన ముందు కూర్చున్నాను.

"నవ్విన వదినె. నువ్వు నమ్మింది నన్ను. నీ తెలివికి ఏ తక్కువ లేదు. నా అక్కర కోసం నీకు అబద్ధం చెప్పిన, నీ మీద పడ్డ మాటను పడనిచ్చిన. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."